అర్జీ రాయడానికి కథ ఎందుకు?

యాసంగి కోతలు నడుస్తున్నాయి. బాన్సువాడ నుంచి ఏ ఊరి దారి పట్టినా రోడ్డుకు ఒక పక్కంతా వడ్లే. ఎండలో ఆ వడ్ల మీద కాళ్లతో చాళ్లు తీస్తూ నడిచే ఆడవాళ్లు, అంచుల మీద రాళ్లు పెట్టిన పరదాలు, కాంటా కోసం ఎదురుచూసే కుప్పలు. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయినప్పటి నుంచి ఇక్కడి బతుకు కాలువ నీళ్లతో ముడిపడి ఉంది. ఈ సంవాదంలో వడ్ల ముచ్చట వస్తుంది కనుక ముందే చెబుతున్నాను.

ఆ సాయంత్రం మేమిద్దరం పెద్దసారు ఇంటికి వెళ్లాం. ముప్ఫై ఏళ్లు డిగ్రీ పిల్లలకు తెలుగు చెప్పి రిటైరైన మనిషి. మా ఇద్దరికీ గురువు. నాతో చదువుకున్న స్నేహితురాలు ఇప్పుడు ఈ ప్రాంతంలోనే ఒక డిగ్రీ కళాశాలలో తెలుగు చెబుతోంది. పిల్లలు ఆమెను మేడం అంటారు, ఇక్కడ నేనూ అలాగే రాస్తాను. తన తెలుగు పీరియడ్లలో వారానికి ఒక గంట తీసి పిల్లలకు రాయడం నేర్పుతోంది. అందుకు కథలు చదివిస్తోంది. ఆ మాట పెద్దసారు చెవిన పడింది. జీవితమంతా సాహిత్యమే చెప్పిన మనిషి మెచ్చుకుంటాడనుకున్నాం. ఆయన ఒప్పుకోలేదు. వాళ్ల మాటలు వాళ్ల నుడిలోనే ఇస్తున్నాను.

పెద్దసారు: రాసుడు నేర్పే క్లాసుల కథలు చదివిస్తున్నవట గదా బిడ్డా.

మేడం: అవును సార్. మీరు సంతోషపడతరనుకున్న.

పెద్దసారు: పడలేదు. ముప్ఫై ఏండ్లు నేను చేసింది అదే గదా. నన్నయ చెప్పిన, పాల్కురికి సోమన చెప్పిన, పోతన చెప్పిన, ఆధునికుల దాక వచ్చిన. క్లాసు చప్పుడు లేకుండ వింటుండె. కొందరు కండ్లనీళ్లు పెట్టుకున్నరు గూడ. మరి అదే పిల్లలు డిగ్రీ పాసైన రెండేండ్లకు మా గేటు కాడ నిలవడి, సార్, తాసిల్దారుకు ఒక అర్జీ రాసిస్తరా అని అడిగిన్రు. ఒక్కలిద్దరు కాదు. రాసిచ్చిన. రాసిచ్చినప్పుడల్ల ఒకటే బాధ. మూడేండ్లు నా దగ్గర తెలుగు చదివిన పిల్లగానికి తన భూమి సర్వే నంబరు తప్పు పడ్డదని నాలుగు వాక్యాలల్ల చెప్పరాలేదు. తప్పు వాండ్లది కాదు. నేను పాఠం చెప్పిన. రాయించలే.

మేడం: అది మీ ఒక్కరి తప్పెట్లయితది సార్? పరీక్షే అట్లున్నది. ప్రతిపదార్థం, సందర్భసహిత వ్యాఖ్య, వ్యాసరూప ప్రశ్న. గైడు కొనుక్కుంటే నాలుగు రాత్రులల్ల గట్టెక్కుతరు.

పెద్దసారు: నేనంటున్నదీ అదే. సాహిత్యం ముందు నడిస్తే గైడు ఎన్కనే వస్తది. కథ మీద పిల్లగాడు ఏం రాస్తడు? రచయిత సమాజంలోని దురాచారాలను కళ్లకు కట్టినట్లు చిత్రించాడు అని రాస్తడు. ఏ కథకైనా అదే వాక్యం. అది రాయనీకి కథ చదువుడు గూడ అక్కర లేదు.

(డిగ్రీ జవాబు పత్రాలు ఒక్కసారైనా దిద్దినవారికి ఆ వాక్యం తెలుసు. ఒక కట్టలో పదిసార్లు కనిపిస్తుంది. తప్పులేని వాక్యం కనుక దాని మీద ఎర్ర గీత పడదు. అందుకే అది చావదు.)

పెద్దసారు: ఇంకోటి. సాహిత్యాన్ని రాతకు నమూనాగ పెడితే ఏమైతదో మనకు కొత్తగ తెలిసేది లేదు. చిన్నయసూరి 1853ల నీతిచంద్రిక తెచ్చిండు. గొప్ప వచనం, నేను కాదన. కాని పాఠ్యపుస్తకమైనంక, వచనమంటే గిట్లనే ఉండాలె అని పిల్లల నెత్తిన పెట్టిన్రు. ఇంట్ల మాట్లాడేది ఒకటి, కాయితం మీద పెట్టేది ఇంకోటి. కాంపొజిషన్ గొడవ ఆ బరువు కిందనే గదా పుట్టింది.

మేడం: ఆ గొడవ ముచ్చట నేనే ఎత్తుదామనుకున్న సార్. స్కూల్ ఫైనల్ పిల్లలు వ్యాసం ఏ భాషల రాయాలె అని మొదలైంది. పర్లాకిమిడిల గిడుగు రామమూర్తి, స్కూళ్ల ఇన్‌స్పెక్టరు యేట్స్ దొర, విజయనగరంల గురజాడ ఒక దిక్కు. జయంతి రామయ్య పంతులు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఇంకో దిక్కు. ఇంటర్మీడియట్ కాంపొజిషన్ మీద మద్రాసు యూనివర్సిటీ ఒక ఉపసంఘం వేసింది. అండ్ల గురజాడ సభ్యుడు. ఎక్కువమంది గ్రాంథికం దిక్కున్నరు. గురజాడ ఒప్పుకోలే. 1914ల అసమ్మతి పత్రం ఇచ్చిండు, ఇంగ్లిష్‌ల, ఒక పుస్తకమంత. కాలేజీ పిల్లగాడు తెలుగుల ఒక వ్యాసం ఎట్ల రాయాలన్న ప్రశ్న కోసం సార్! మరుసటేడే పోయిండు. ఆరోగ్యం బాగలేని మనిషి, ఆఖరి ఏండ్ల ఓపికంత దీని మీద పెట్టిండు. ఎవరాయన? కన్యాశుల్కం రాసిన మనిషి. 1910ల దిద్దుబాటు కథ రాసిన మనిషి. పిల్లగాని రాత బాధ కథలు రాసే మనిషికి అర్థమైంది.

పెద్దసారు: ఆగు బిడ్డా. సగం ముచ్చటే చెప్తున్నవు. అవతలి దిక్కున్నోళ్లు గూడ సాహిత్యకారులే. వేదం వెంకటరాయశాస్త్రి ప్రతాపరుద్రీయం నాటకంల చాకలోని నోట చాకలోని మాటే పెట్టిండు. అంత చెవి ఉన్న మనిషి. అదే శాస్త్రిగారు వ్యాసం కాడికొచ్చేసరికి గ్రాంథికమే ఉండాలన్నడు. మరి ఆయన చదివిన సాహిత్యం ఆయనకు ఏం చెప్పింది? సాహిత్యం ఎరిగినంత మాత్రాన రాత నేర్పే తెలివి వస్తదనేదానికి మన చరిత్రల సాక్ష్యం లేదు. ఎదురు సాక్ష్యమే ఉన్నది.

ఈ మాటకు ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. నాకూ అది బలమైన మాటే అనిపించింది. సాహిత్యం చదివితే భాష దానంతటదే వస్తుందని తెలుగు శాఖల్లో తరచు అంటారు. వస్తే, ఇన్నేళ్ల తెలుగు చదువు తర్వాత అర్జీ రాసిపెట్టమని గేటు దగ్గర ఎవరూ నిలబడరు.

మేడం: ఒప్పుకుంటున్న సార్. అందుకే నేను సాహిత్యం చెప్తలేను. కవి జీవితం చెప్తలేను, కథా వస్తువు, పాత్ర చిత్రణ చెప్తలేను. ఈ కథను ఎట్ల కట్టిండు అని చూపిస్తున్న. ఏది ముందు చెప్పిండు, ఏది దాచిపెట్టిండు, ఏ మాట కాడ ఆగిండు. అంతే.

పెద్దసారు: అమెరికాల గూడ ఈ లొల్లి నడిచిందంటివి ఒకసారి ఫోన్ల.

మేడం: అవును. అక్కడిది పాత లొల్లి. హార్వర్డ్‌ల 1874 సంది ప్రవేశపరీక్షల సాహిత్య గ్రంథాల మీద వ్యాసం రాయమన్నరు. 1993 మార్చిల కాలేజ్ ఇంగ్లిష్ అనే పత్రిక ఇద్దరు అధ్యాపకుల వ్యాసాలు ఎదురెదురుగ వేసింది. ఎరికా లిండెమాన్ మొదటేడు రాత క్లాసుల సాహిత్యానికి జాగ లేదన్నది. సాహిత్యం వస్తే సారే మాట్లాడతడు, పిల్లలు వింటరు, కలం కదలది అని ఆమె వాదన. వేరే సబ్జెక్టుల చదువుకు, రాతకు పిల్లలను తయారు చేయాలన్నది. గ్యారీ టేట్ కాదన్నడు. పిల్లలు కాలేజీల పేపర్లు రాయనీకే పుట్టలే, బయట బతుకుల మాట్లాడుకునే ముచ్చట్లకు గూడ సిద్ధం కావాలె, ఊహతోని రాసినదాన్ని వాండ్లకు దూరం చేయొద్దన్నడు.

పెద్దసారు: లిండెమాన్ నా మాటే అన్నది. మన దగ్గర ఇంకా గట్టిగ అనాలె. మన క్లాసుల కూసున్నదెవరు? బిచ్కుంద దిక్కు నుంచి, జుక్కల్ దిక్కు నుంచి, తండాల నుంచి బస్సెక్కి వచ్చినోళ్లు. ఇంట్ల మొదటిసారి కాలేజీ గడప తొక్కినోళ్లు. వాండ్లకు కావలసింది అర్జీ, నివేదిక, ఉద్యోగానికి దరఖాస్తు. గ్రూప్-1 మెయిన్స్‌ల జనరల్ ఎస్సే పేపరు 150 మార్కులది. మూడు వ్యాసాలు, ఒక్కోటి 50. తెలుగుల రాయొచ్చు. దానికి తయారు చెయ్యి. బూదరాజు రాధాకృష్ణగారు ఈనాడు జర్నలిజం పాఠశాలల పిల్లలతోని ఏం చేయించిండ్రు? కావ్యం చెప్పి విలేకరులను తయారు చేయలే. వాక్యం దిద్ది తయారు చేసిన్రు.

మేడం: బూదరాజుగారి దగ్గరికి పోయినోళ్లల్ల చానమంది అంతకు ముందే వారపత్రికలు, నవలలు నమిలి మింగి పోయినోళ్లు సార్. వాండ్ల చెవుల వాక్యం ఉన్నది. ఆయన దిద్దితే కుదిరింది. నా పిల్లల చెవుల ఏమున్నది? గైడు వాక్యం, ఫ్లెక్సీ మీది వాక్యం, ఫోన్ల అర నిమిషం మాట. నేను ఏ వాక్యాన్ని దిద్దాలె? గ్రూప్-1 వ్యాసం గూడ రాయించి చూసిన. నలభై మందిల ముప్ఫై మంది, నేటి ఆధునిక యుగంలో అని మొదలువెట్టిన్రు.

ఇక్కడ ఆమె సంచి తెరిచింది. నలభై దాకా కాగితాలు, తాడుతో కట్టి ఉన్నాయి. పైది తీసి పెద్దసారు చేతికి ఇవ్వకుండా తనే చదివింది.

మేడం: ఇది తండా నుంచి వచ్చే పిల్లది. పేరు చెప్పను. సోమవారం కలెక్టరేట్‌ల ప్రజావాణి ఉంటది గదా, దానికి మీ ఊరి సమస్య మీద అర్జీ రాయమన్న. నమూనా బోర్డు మీద రాసిన. గౌరవనీయులైన, విషయం, కావున, ఇట్లు. మొదటిసారి రాసింది వినున్రి: 'మా గ్రామ రైతాంగం ప్రకృతి వైపరీత్యాల వలన అనేక ఇబ్బందులకు గురై సతమతమవుతున్నారు. కావున తమరు దయతలచి తగు చర్యలు తీసుకోగలరని మనవి.'

పెద్దసారు: తప్పేమీ లేదు. ఉన్నది గూడ ఏమీ లేదు.

మేడం: అది మీరు కోరిన క్లాసుల పుట్టిన కాయితం సార్. కథ లేదు, కవిత లేదు. నమూనా ఉన్నది. మరుసటి వారం దిద్దుబాటు చదివించిన. ఎందుకు చదివించిన్నో తెలుసా? అండ్ల ఒక ఉత్తరం ఉన్నది.

పెద్దసారు: కమలిని ఉత్తరం.

మేడం: ఆ ఉత్తరమే. గోపాలరావు రాత్రి ఆలస్యంగ ఇంటికొస్తడు. పెండ్లాం లేదు, ఉత్తరం ఉన్నది. విప్పంగనే మొదటి మాట కాడనే ఆయనకు గుండె జారుతది. ఎప్పటి పిలుపు పోయి పరాయి పిలుపు వచ్చింది. నేను పిల్లలను అక్కడ ఆపిన. ఒక్క సంబోధన మారితే మొగడు ఎందుకు వణికిండు అని అడిగిన. క్లాసంత గొడవ గొడవైంది. ఒక పిల్లగాడు లేచి, మేడం, మా నాయిన కోపంల ఉంటే నన్ను మీరు అంటడు అన్నడు. ఆ దినం వాండ్లకు ఒకటి తెలిసింది. రాసేది ఎవరికో ఒకరికి రాస్తం. ఆ మనిషి కండ్ల ముందు కనబడకపోతే కలం ముందుకు పోదు. విషయం, కావున, ఇట్లు అని నేను బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా అది చెప్పలేకపోయిన. ఇంటికి పోయి ఆ అర్జీనే మళ్ల రాయమన్న. ఇదీ రెండోసారి రాసింది.

ఈసారి కాగితం పెద్దసారుకే ఇచ్చింది. ఆయన అద్దాలు పెట్టుకుని పైకి చదివారు.

'మా నాయిన వడ్లు ఆరబోసి పదకొండు దినాలైంది. రాత్రి వడ్ల కాడనే పండుకుంటున్నడు. మొన్నటి వానకు పరదా కప్పినం. పరదా కింది నుంచి నీళ్లు పోయినయి. తెల్లారి నేను కుప్ప అడుగున చెయ్యి పెట్టి చూస్తే వడ్లు వెచ్చగున్నయి. రెండు దినాలకు మొలకలొచ్చినయి.'

చివరి రెండు వాక్యాలు ఆయన మళ్లీ చదువుకున్నారు, ఈసారి తనలో. తడిసిన వడ్ల కుప్ప లోపల కాగుతుందని ఈ ప్రాంతంలో ఎవరికి తెలియదు? తెలిసిన సంగతే. కానీ ఆ పిల్ల మొదటి అర్జీలో ఆ చెయ్యి లేదు. తన చెయ్యి కాగితంలోకి తీసుకురావచ్చని అప్పటికి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పెద్దసారు: మంచిగ రాసింది. నేను నీ దారికి వచ్చిన్ననుకునేవు, రాలే. ఈ కాయితం ఎవరి చేతికి పోతది? ఆ సోమవారం వందల కాయితాలు చూసే గుమాస్తా చేతికి. ఆయనకు ఏం కావాలె? ఎన్ని బస్తాలు? ఏ కొనుగోలు కేంద్రం? టోకెన్ ఏ తారీఖుది? పాసుబుక్కు నంబరెంత? తేమ ఎంత చూపించింది? పదిహేడు శాతం దాటితే వెనక్కి పంపుతరు, మరి ఈ వడ్లు పదిహేడు లోపలికి వచ్చినంక ఆపిన్రా, రాకముందే ఆపిన్రా? అన్నిటికంటె ముందు, ఈ పిల్ల ఏం అడుగుతున్నది? తొందరగ కాంటా పెట్టమనా? మొలకొచ్చిన వడ్లు గూడ తీసుకోమనా? ఎక్కడ అడిగింది? నీ కథ ఆ పిల్లకు దుఃఖం చెప్పుడు నేర్పింది. అడుగుడు నేర్పలే.

మేడం: ...అది నాకు తట్టలే సార్.

పెద్దసారు: తట్టది. ఎందుకంటే నువ్వు ఆ వాక్యం చూసి మురిసిపోయినవు. సాహిత్యం చదివినోళ్లతోని ఇదే తిప్పలు. మంచి వాక్యం కనబడితే పని మర్చిపోతం. నేను గూడ ముప్ఫై ఏండ్లు మర్చిపోయిన.

ఆయన కలం తీసి కాగితం వెనక వైపు రాయడం మొదలుపెట్టారు. మొదటి వాక్యంలోనే అడగవలసింది. తడిసిన వడ్లను పరీక్షించి ఇదే కేంద్రంలో కాంటా పెట్టించాలని. రెండో వాక్యంలో బస్తాల లెక్క, టోకెన్ తారీఖు, పాసుబుక్కు నంబరు. ఆ అంకెల చోట ఖాళీలు వదిలి, ఇవి ఆ పిల్లే నింపాలె అన్నారు. తర్వాత వాన పడ్డ తారీఖు. ఆ తర్వాత కలం ఆగింది. వడ్లు వెచ్చగున్నాయన్న వాక్యాన్ని కొట్టెయ్యబోయారు.

మేడం: అది కొట్టెయ్యొద్దు సార్.

పెద్దసారు: ఎందుకు? అంకెలు వచ్చినయి. ఇగ అది ముచ్చట కోసమే.

మేడం: కాదు. ఆఫీసోళ్లు మొదట ఏమంటరు? వాన వస్తుందని ముందే చెప్పినం, మీరు పరదా కప్పుకోలె, తప్పు మీదే అంటరు. ప్రతిసారి అదే అంటరు. ఈ పిల్ల వాక్యం దానికి జవాబు. పైన కప్పి ఉన్నది, నీళ్లు కింది నుంచి పోయినయి, అందుకే కుప్ప అడుగు కాగింది. పైన తడిస్తే పైన మొలకొస్తది. ఇది అడుగున వచ్చింది. నిర్లక్ష్యం కాదని చెప్పనీకి ఆ పిల్ల దగ్గర వేరే సాక్ష్యం లేదు సార్, తన చెయ్యి తప్ప.

పెద్దసారు చాలాసేపు ఆ కాగితం వైపే చూశారు. కలం మూత పెట్టారు.

పెద్దసారు: ఉంచు.

నేను ఈ సంవాదాన్ని రాయడానికి కారణం ఆ ఒక్క మాట. కథ చదివించడం వల్ల వర్ణన వస్తుందనీ, వర్ణన అందంగా ఉంటుందనీ మనం చెబుతూ ఉంటాం. అందం మాట పక్కన పెడదాం. ఏ చిన్న సంగతి ఎదుటివాడి అనుమానాన్ని తీర్చగలదో, ఆ సంగతిని ఏరి సరైన చోట పెట్టడం కథకుడి పని. అర్జీదారు పనీ, విలేకరి పనీ, సర్వే నివేదిక రాసే ఉద్యోగి పనీ అదే. కాకపోతే వాళ్లకు అంకెలు, తారీఖులు, అడగవలసిన మాట కూడా కావాలి. వాటిని కథ నేర్పదు. దిద్దే చెయ్యి నేర్పాలి.

మాట అక్కడితో తేలలేదు.

పెద్దసారు: నాయిన అని రాసింది. తండ్రి అని దిద్దమంటవా?

మేడం: మీరు దిద్దుతరా?

పెద్దసారు: నాకు మనసు రాదు. కాని ఆఫీసుల ఎవరన్న మూతి తిప్పితే నష్టం ఆ పిల్లకు, నీకు కాదు.

మేడం: సెప్టెంబర్ 9న కాళోజీ పుట్టినరోజు భాషా దినోత్సవం జరుపుతం. స్టేజీ ఎక్కి మన యాస గొప్పది అంటం. తెల్లారి జవాబు పత్రంల అదే యాస కనబడితే మార్కు కోస్తం. యశోదారెడ్డిగారు కోఠి మహిళా కళాశాలల తెలుగు చెప్పుకుంట పాలమూరు మాటల మా ఊరి ముచ్చట్లు రాసిన్రు. ఆ పుస్తకం నుంచి రెండు పేజీలు చదివి వినిపిస్తే, మేడం, గిట్ల గూడ అచ్చేస్తరా అని అడిగింది ఒక పిల్ల. డిగ్రీకొచ్చినంక అడిగింది సార్! పన్నెండేండ్ల బడిల ఎవరూ తన మాటను అచ్చుల చూపెట్టలే.

పెద్దసారు: ఈ అర్జీ రాసిన పిల్లకు నాయిన గూడ ఇంటి మాట కాదు. తండాల గోర్‌బోలి మాట్లాడతరు. ఇంట్ల తల్లిని యాడి అంటది. తెలుగే ఆమెకు బయటి భాష. గిడుగు గొప్పతనం అక్కడ ఉన్నది. తెలుగు పిల్లల కోసం కొట్లాడుకుంటనే, సవర పిల్లల కోసం సవర భాష నేర్చుకున్నడు, బడి పెట్టిండు, పుస్తకాలు రాసిండు. నువ్వు యశోదారెడ్డిని చదివి వినిపిస్తే తండా పిల్లకు అండ్ల తన మాట ఎక్కడ కనబడతది?

మేడం: కనబడది. కాని నీ మాట నువ్వు రాయొచ్చన్న ధైర్యం వస్తది. ఆ ధైర్యంతోనే గదా పరాయి భాషల గూడ కుప్పల చెయ్యి పెట్టింది.

పెద్దసారు: నాయిన ఉండనీ. మిగిలిన వాక్యాలు ఆఫీసు చదువుకునేటట్లు ఉంటే చాలు.

కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. బయట ట్రాక్టరు ఒకటి ధాన్యం బస్తాలతో పోయింది. తర్వాత ఆయన అన్న మాట నాకు అప్పటిదాకా ఆయన వాదన అంతటికీ మూలం అనిపించింది.

పెద్దసారు: నాకు ఇంకో భయం ఉన్నది బిడ్డా. కథను రాతకు ఆకురాయి చేస్తే కథ పోతది. పిల్లలు ఏ కథ చదివినా, ఇది ఎట్ల కట్టిండు, ఇది నాకు దేనికి పనికొస్తది అనే చూస్తరు. ఊరికె చదివి ఏడ్చుడు, ఊరికె చదివి నవ్వుడు ఉండది. నాకు మిగిలింది అదొక్కటే. అది గూడ పనిముట్టు అయితే ఎట్ల?

మేడం: ఇప్పుడు ఊరికె చదువుతున్నది ఎవరు సార్? గైడుల సారాంశం చదువుతున్నరు. కథ మొత్తం చదవక డిగ్రీ పాసైతున్నరు. నా క్లాసుల దిద్దుబాటు ఆఖరుకు, కమలిని మంచం కింద నవ్వినప్పుడు, పిల్లలంత ఒక్కసారే నవ్విన్రు. నూరేండ్లు దాటిన కథకు! ఇద్దరొచ్చి గురజాడ కథలు ఇంకేమన్న ఉన్నయా అని అడిగిన్రు. లైబ్రరీల పుస్తకం ఇప్పించిన. కథ ఎట్ల కట్టిండో చూసినోడే మళ్ల కథ కోసం వచ్చిండు సార్.

పెద్దసారు: ఇద్దరేనా?

మేడం: ఇద్దరే.

పెద్దసారు: నలభై మందిల ఇద్దరు. నా ముప్ఫై ఏండ్లల గూడ అంతే ఉంటుండె. సరే, లెక్క మాట్లాడుదాం. నలభై మంది. ఒక అర్జీకి మూడుసార్లు రాయాలె, లేకపోతే అది రాసుడు కాదు. నూట ఇరవై కాయితాలు. నీకు ఇంకా మూడు సెక్షన్లున్నయి, పరీక్షల డ్యూటీ ఉన్నది, ఆన్‌లైన్ల ఎక్కించే పనులున్నయి. ఎవరు దిద్దుతరు?

మేడం: నేనే. రాత్రిళ్లు.

పెద్దసారు: ఎన్ని వారాలు దిద్దుతవు? నీ తర్వాత ఆ సీట్ల కూసునే మనిషి దిద్దుతడా? కథ చెప్పుడు సులువు బిడ్డా, గంట కొట్టంగనే అయిపోతది. దిద్దుడు కష్టం. నేను కథను కాదన్నది అందుకే. కథ ఉంటే చాలు అని అందరు సులువు పని చేసుకుంట పోతరు. కష్టం పని మిగిలిపోతది.

ఆమె తల ఊపింది. ఈ మాటకు ఆమె దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. రాయడం నేర్పాలంటే ఏ పుస్తకం చదివించాలన్నది రెండో ప్రశ్న. పిల్లవాడు రాసింది ఎవరు చదువుతారు, ఎన్నిసార్లు తిరిగి రాయిస్తారు అన్నది మొదటి ప్రశ్న. దానికి గంటలు కావాలి, మనుషులు కావాలి, ఆ పనిని పనిగా లెక్కపెట్టే వ్యవస్థ కావాలి.

మేము లేవబోతుంటే పెద్దసారు ఆ కట్ట తాడు విప్పారు. నలభైలో ఇరవై లెక్కపెట్టి తన దిండు కింద పెట్టుకున్నారు. పొద్దుపోక కూసున్న, నేను గూడ దిద్దుత, ఆదివారం వచ్చి తీసుకుపో అన్నారు. ఆ పిల్ల కాగితం మాత్రం మేడంకే ఇచ్చారు, ఖాళీల్లో అంకెలు నింపించడానికి. సోమవారం దగ్గరికొచ్చింది.

నేను ఎవరి పక్షమో చెప్పాలి కనుక చెబుతున్నాను. కథ క్లాసులో ఉండాలి. కానీ అది పిల్లల చేతిలో కలం ఉన్న గంటలో ఉండాలి, వాళ్లు రాసింది దిద్దే మనిషి ఉన్న చోట ఉండాలి. ఆ రెండూ లేకపోతే పెద్దసారు చెప్పిందే నిజం.

డిగ్రీ తెలుగు ప్రశ్నపత్రం కూర్చే పెద్దలకు ఒక విన్నపం. వ్యాసరూప ప్రశ్నల్లో ఒకటి తీసెయ్యండి. ఆ మార్కులతో, విద్యార్థి తన ఇంటి గురించో ఊరి గురించో పని గురించో, ఫలానా మనిషికి అని పేరు పెట్టి, ఒక పేజీ రాయమనండి. అంకెలుంటే మార్కులివ్వండి, కావలసింది అడిగితే మార్కులివ్వండి, కంటితో చూసిన ఒక్క సంగతి ఉన్నా మార్కులివ్వండి. ఇంటి మాట కనబడితే కోయకండి. ఏ గైడులోనూ జవాబు దొరకని ప్రశ్న ఒక్కటైనా వచ్చే ఏడాది పేపరులో ఉండేలా చూడండి.